సన్నాయి మీద రాక్ పాట

దస్తగిరి సాహెబు దగ్గర పదకొండేళ్లుగా సన్నాయి నేర్చుకుంటున్న అంకమరావుకి ఆ రోజు ఒళ్లు మండిపోయింది. ఎల్లుండి నరసరావుపేటలో పెళ్లి. తలంబ్రాలప్పుడు ఇదే వాయించాలంటూ పెళ్లికూతురు ఒక ఇంగ్లీషు రాక్ పాటని ఫోన్‌కి పంపింది. గురువుగారు సరేనన్నారు. వాయించాల్సింది మాత్రం అంకమరావు.

పొద్దుటినుంచీ దాంతో కుస్తీ పడుతున్నాడు. పాడేవాడు అరిచిన చోటల్లా సన్నాయినీ అరిపించాడు. గిటార్లు గోల పెట్టిన చోట గుక్క తిప్పుకోకుండా ఊదాడు. పక్కింటి ఖాజాబీ గుమ్మంలోంచి తొంగిచూసింది.

"సన్నాయి పగిలిందా నాయనా?"

మధ్యాహ్నానికి అంకమరావు ఓపిక అయిపోయింది. ఫోను తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"నావల్ల కాదు గురువుగారూ. తోడి రాగం గంటసేపు వాయించినవాణ్ణి, నాకీ ఖర్మేంటి? ఇదసలు పాటేనా? డ్రమ్ములు, గిటార్లు, వాడి అరుపులు. అవి తీసేస్తే ఇందులో ఏమీ లేదు."

"తీసి చూశావా?"



సాహెబు ఫోను చెవికి ఆనించుకుని పాట రెండుసార్లు విన్నాడు. మూడోసారి మొహం చిట్లించి, "అబ్బబ్బ, విననివ్వడే వీడు!" అని ఫోను పక్కన పడేశాడు. శిష్యుడి చేతిలోంచి సన్నాయి లాక్కున్నాడు.

గమకాలు లేవు. తాళం వేసేవాళ్లు లేరు. మెల్లగా, కింది స్థాయిలో ఒట్టి వరస ఒక్కటే వాయించాడు.

నాలుగు స్వరాలు పైకెక్కాయి. ఐదోది అందక వచ్చిన దారినే దిగాయి. మళ్లీ ఎక్కాయి. మళ్లీ అందలేదు. మూడోసారి అందింది. దాన్ని కాసేపు నిలిపి సాహెబు ఊదడం ఆపాడు.

అంకమరావు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఫోన్లో వాడు గొంతు చించుకున్నది సరిగ్గా ఆ స్వరం మీదే.

"అది అందాక అరవకుండా ఎలా ఉంటాడు గురువుగారూ!"

"ఆ అరుపు మనకెందుకు? పట్టు, వాయించు," అని సాహెబు సన్నాయి చేతికిచ్చాడు.

అంకమరావు హుషారుగా అందుకున్నాడు. మొదటి మూడు స్వరాలూ చక్కగా పలికాయి. నాలుగోదాని మీద చెయ్యి ఊరుకోలేదు. ఒక గమకం వేశాడు. దానికో సంగతి తగిలించాడు. ఆ సంగతిలోంచి తోడిలోకి జారి, అక్కడ రెండు చుట్లు తిరిగి, చెమట కారుతుండగా గర్వంగా గురువు వైపు చూశాడు.

సాహెబు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఏంట్రా అది?"

"కాస్త అందం పెడదామని..."

"ఒరేయ్ అంకా, వాడి అరుపు ఎలాగో తీశాం. ఇక నీది తియ్యి."