తిర్సమ్మ చెప్పి దిగిన మిద్దె

ఎప్పటి సంగతి అని నన్నడక్కండి. అప్పుడు రాజెవరో మా అవ్వకు తెలియదు, ఆమెకు చెప్పిన వాళ్ళవ్వకూ తెలియదు. నాకు తెలిసిందల్లా సముద్రమంత చెరువొకటి, దాని ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరి నిండా మట్టి మిద్దెలు. ఆ మిద్దెల మీద ఒక ఆడమనిషి. పేరు తిర్సమ్మ.

ఆమె రాణి కాదు, ప్రవక్త కాదు. వాళ్ళ సంగతులు రాసిపెట్టడానికి మనుషులుంటారు. తిర్సమ్మ పేరు ఎవరూ రాయలేదు. అందుకే నోటితో చెప్పుకుంటున్నాం. లేచిపోయేవాళ్ళుంటే ఇప్పుడే పోండి. సగంలో లేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమె పని మిద్దెలు తొక్కడం. ఆ ఊళ్ళో ఇల్లంటే రాతి గోడలు, గోడల మీద దూలాలు, దూలాల మీద రెల్లు, రెల్లు మీద మట్టి. ఏడాదికోసారి, వానలకు ముందు, పాత మట్టి మీద కొత్త మట్టి పోసి, నీళ్ళు చిలకరించి, గట్టిపడేదాకా కాళ్ళతో తొక్కాలి. తొక్కకపోతే మొదటి వానకే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

తిర్సమ్మ పాదాలకు కళ్ళున్నాయనేవాళ్ళు. అడుగు వేస్తే చాలు, కింద దూలం ఎక్కడుందో తెలిసిపోయేది. రెల్లు ఎక్కడ కుళ్ళిందో తెలిసిపోయేది. మట్టి ఎక్కడ పలచబడిందో తెలిసిపోయేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఒక తట్ట, ఒక కుండ, రెండు పాదాలు. అంతే ఆమెకున్నది.

ఒక ఏడు వానలు ముందే ముంచుకొచ్చాయి. పడమట మబ్బు కమ్మింది. ఇంకా మూడు మిద్దెలు తొక్కాల్సినవి మిగిలాయి. అందులో మొదటిది మిల్కమ్మది.

మిల్కమ్మ తిర్సమ్మకు చెల్లెలి వరస. మిల్కమ్మకు ఒక్కడే కొడుకు, ఎల్దాదు. చెరువులో చేపలు పట్టేవాడు. వాటికి ఉప్పు రాసి మిద్దె మీద ఎండబెట్టేవాడు. తిర్సమ్మను "పెద్దమ్మా" అని నోరారా పిలిచేవాడు.

ఆ రోజు మిల్కమ్మ మిద్దె తొక్కుతుంటే తూర్పు మూల తిర్సమ్మ పాదం కింద మట్టి మెత్తగా కదిలింది. ఆమె అక్కడే ఆగింది. మళ్ళీ తొక్కి చూసింది. రెల్లు కుళ్ళింది, దూలానికి చెద పట్టింది. చెబితే ఆ మూలంతా తవ్వాలి. దూలం మార్చాలి. రెండు రోజుల పని. ఆకాశం చూస్తే ఇవాళో రేపో అన్నట్టుంది.

"రేపు చెబుదాంలే," అనుకుంది తిర్సమ్మ.

ఆ మూల మూడు తట్టల మట్టి పోసింది. పైపైన తొక్కింది. దిగిపోయింది.

మరునాడు కుండపోత. చెప్పలేదు. ఆ మరునాడు ఇంకో మిద్దె పని. చెప్పలేదు. మూడో నాడు ఎండ కాసింది. ఎల్దాదు చేపల గంప ఎత్తుకుని మిద్దె ఎక్కాడు. తూర్పు మూల కూలింది. గంపతో పాటు కిందపడ్డాడు.

ప్రాణం దక్కింది. నడుం కింద మాత్రం కదలిక పోయింది. ఇరవై నాలుగేళ్ళవాడు చాప మీద కట్టెలా పడ్డాడు.

ఊరు ఊరుకుంటుందా? "వాడేదో పాపం చేశాడు" అన్నారు కొందరు. "వాడి అయ్య చేశాడు" అన్నారు ఇంకొందరు. మిల్కమ్మ రొమ్ము బాదుకుని, "నేనేనమ్మా, నేనే ఏదో పాపం చేశాను, అది నా బిడ్డకు తగిలింది" అని ఏడ్చింది. మిద్దె సంగతి ఎవరూ అనలేదు. వానకు కూలింది అనుకున్నారు. తిర్సమ్మ మాత్రం గుమ్మం దగ్గర నిలబడి అన్నీ వింది.

చెబుదామనే వచ్చింది పాపం. మాట నోటిదాకా వచ్చింది. పెదవి దాటలేదు.

ఒక ఏడు గడిచింది. గిన్నెలో అంబలి తీసుకుని ఎల్దాదు దగ్గరికి వెళ్ళింది. "పెద్దమ్మా, నేనేం తప్పు చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు" అన్నాడు వాడు. మాట నోటిదాకా వచ్చింది. పెదవి దాటలేదు.

రెండో ఏడు గడిచింది. మిల్కమ్మ తన పాపం పోవాలని వారానికి మూడు పూటలు అన్నం మానేసింది. మనిషి ఎముకల గూడైంది. "తిను చెల్లీ" అంది తిర్సమ్మ. "నా పాపం కరిగేదాకా తినను అక్కా" అంది మిల్కమ్మ. మాట నోటిదాకా వచ్చింది. పెదవి దాటలేదు.

చెప్పడం అంత కష్టమా అంటారు మీరు. మీ మీదికి రాలేదు కాబట్టి అంటారు. మొదటి రోజు ఆ మాట గులకరాయంత. ఏడాదికి బండరాయైంది. రెండేళ్ళకు దాన్ని కదిలించే శక్తి ఆమెకు లేకపోయింది.

మూడో ఏడు ప్రభువు ఆ ఊరికొచ్చాడు.

రోగుల మీద ఆయన చెయ్యి వేస్తే లేస్తున్నారని ముందే కబురు వచ్చింది. చెరువు ఒడ్డున పెద్ద ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాడు. ఊళ్ళో జనం సగం లోపల, సగం బయట. ఎల్దాదుతో కలిసి వలలు లాగిన నలుగురు స్నేహితులు వాడిని చాపతో సహా ఎత్తుకుని వచ్చారు. వాళ్ళలో పెద్ద జెరహు. కొండలాంటి మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది.

ముందు వాకిలికి వెళ్ళారు. దారి లేదు. పెరటి వాకిలికి వెళ్ళారు. దారి లేదు. గొడ్ల కొట్టం వైపు వెళ్ళారు. అక్కడా తలల మీద తలలే. "పాపిష్టివాణ్ణి లోపలికి తేవద్దు" అని ఎవరో కసురుకున్నారు కూడా.

"పదండి మిద్దె మీదికి!" అన్నాడు జెరహు. "తలుపు లేకపోతే నేనే చేస్తాను తలుపు."

బయటి మెట్ల మీదుగా చాపను పైకి చేర్చారు. జెరహు గడ్డపార ఎత్తి గోడ పక్కన ఒక్క పోటు పొడిచాడు. లోపల మట్టి రాలింది. జనం కేకలు వేశారు.

తిర్సమ్మ కింద గుంపులో ఉంది. ఆ చప్పుడు వినగానే పోటు ఎక్కడ పడిందో ఆమెకు తెలిసిపోయింది. ఆ మిద్దె కూడా ఆమె తొక్కిందే. జెరహు పొడిచిన చోట కింద నడిదూలం కొస ఉంది. ఇంకో నాలుగు పోట్లు పడితే దూలం గోడ నుంచి జారుతుంది. మిద్దె మొత్తం లోపలి జనం మీద పడుతుంది. పైనున్న ఎల్దాదు మళ్ళీ కిందికి పోతాడు.

ఆమె మెట్లెక్కింది. ఆ ముసలి వయసులో, ఊపిరాడక, చేతులతో గోడ పట్టుకుని ఎక్కింది.

"ఆపు నాయనా! అక్కడ తవ్వొద్దు!"

"పక్కకు పో ముసలమ్మా," అన్నాడు జెరహు.

"అక్కడ దూలం కొస ఉంది. ఇటు రా. ఇక్కడ పాత గవాచి ఉంది, వెలుతురు కోసం వదిలిన కంత. నేనే మూశాను. దూలానికీ దూలానికీ మధ్య మూడు మూరల చోటు. ఇక్కడ తవ్వితే ఎవరికీ ఏమీ కాదు."

"నీకెట్లా తెలుసు?"

"తొక్కింది నేనే."

జెరహు నవ్వాడు. మంచి నవ్వు కాదు. "మావాడి మిద్దె తొక్కిందీ నువ్వేగా! అది కూలింది. నీ కాళ్ళకు కళ్ళుంటే ఆ రోజు ఏమయ్యాయి? నీ మాట నేనెందుకు నమ్మాలి?"

మళ్ళీ గడ్డపార ఎత్తాడు.

తిర్సమ్మ ఎల్దాదు వైపు చూసింది. వాడు చాప మీద నుంచి ఆమెనే చూస్తున్నాడు. చెప్పకపోతే గడ్డపార పడుతుంది. చెబితే ఈ ఊళ్ళో ఆమెకు ఇక నిలువ నీడ ఉండదు. మాట నోటిదాకా వచ్చింది.

పెదవి దాటింది.

"ఆ రోజు కూడా నా పాదానికి తెలిసింది జెరహూ! తూర్పు మూల కుళ్ళిందని తెలిసింది. తెలిసీ చెప్పలేదు. మట్టి కప్పి దిగిపోయాను. వీడి పాపం కాదు, వీడి అమ్మ పాపం కాదు. నాది. ఆ రోజు చెప్పలేదు, ఇవాళ చెబుతున్నాను. అక్కడ తవ్వొద్దు!"

జెరహు చేతిలో గడ్డపార గాల్లోనే ఉంది. వాడు దాన్ని ఎక్కడ దించుతాడోనని మిగతా ముగ్గురూ భయపడ్డారు.

ఎల్దాదు కళ్ళు మూసుకున్నాడు. కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"జెరహూ. పెద్దమ్మ చూపించిన చోట తవ్వు."

తవ్వారు. ఆమె కూడా చేతులతో మట్టి తోడింది, గోళ్ళు విరిగేలా తోడింది. కంత పడింది. చాపకు నాలుగు మూలలా తాళ్ళు కట్టారు. మెల్లగా, మెల్లగా, మెల్లగా దించారు. నేరుగా ప్రభువు ముందు దిగాడు.

ప్రభువు తల ఎత్తి చూశాడు. కంత చుట్టూ మట్టి కొట్టుకున్న ముఖాలు అయిదు. ఒక్కొక్క ముఖాన్నీ చూశాడు. తర్వాత చాప మీది మనిషి వైపు వంగాడు. మొదట నడుం గురించి మాట్లాడలేదు.

"కొడుకా, నీ మీద ఏ తప్పూ మిగల్లేదు. అన్నీ మాఫీ," అన్నాడు.

మూడేళ్ళు తన తప్పేమిటో వెతుక్కున్నవాడికి అంతకంటే ఏం కావాలి? ఎల్దాదు బావురుమన్నాడు. మాఫీ చెయ్యడానికి ఈయనెవరని పెద్దమనుషులు గొణుక్కున్నారు. వాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ సంగతి మనకెందుకు?

ఆ మాట తిర్సమ్మకు చెప్పింది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా కంతలోంచి పైకి వచ్చిన మాటను ఎవరాపగలరు? ఆమె మిద్దె మీద బోర్లా పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇక లే," అన్నాడు ప్రభువు. "నీ చాప నువ్వే ఎత్తుకుని ఇంటికి పో."

లేచాడమ్మా! మోకాళ్ళు వణికాయి. నిలబడ్డాడు. చాప చుట్టాడు. చంకన పెట్టుకున్నాడు. లోపలికి రావద్దన్న జనమే గోడలకు అతుక్కుని దారి ఇచ్చారు.

ఇంటికి పొమ్మన్నాడు కదా, నేరుగా పోలేదు. ముందు బయటి మెట్లు ఎక్కాడు. ఒక్కో మెట్టూ తన కాళ్ళతో ఎక్కాడు. మిద్దె మీద తిర్సమ్మ ఒక్కతే కూర్చుని, కంత మూయడానికి రెల్లు పేర్చుతోంది. వాణ్ణి చూసి చేతులు జోడించింది.

వాడు చాప కింద పెట్టాడు. తట్ట అందుకుని మట్టి పోశాడు. మూడేళ్ళు కదలని కాళ్ళతో ఆమె పక్కన నిలబడి తొక్కాడు. పని అయ్యాక ఒక్క మాట అన్నాడు.

"నాకు చెప్పావు పెద్దమ్మా. అమ్మకు చెప్పాలి."

చెప్పాలంటే అంత తేలికా? కబురు ఆమె కంటే ముందే చేరింది. మొదటి రోజు వెళ్ళింది. మిల్కమ్మ తలుపు వేసి ఉంది. రెండో రోజు వెళ్ళింది. తలుపు వేసి ఉంది. లోపల కొడుకు అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది, తలుపు మాత్రం తీయలేదు. మిల్కమ్మదీ తప్పంటానా? కొడుకు లేచాడు సరే, తను మానేసిన అన్నం ఎవరు తిరిగి ఇస్తారు? తనను తాను తిట్టుకున్న మూడేళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

మూడో రోజు తిర్సమ్మ తలుపు తట్టలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని బయటి మెట్ల మీదుగా మిల్కమ్మ మిద్దె ఎక్కింది. మూల మూలా తొక్కింది. ఊరంతా వినేలా అరిచింది.

"మిల్కా! ఉత్తరం మూల రెల్లు కుళ్ళింది, మార్చాలి!"

కింద నుంచి పలుకు లేదు.

"మిల్కా! పొయ్యి పైన మట్టి పలచబడింది!"

పలుకు లేదు.

తూర్పు మూలకు వెళ్ళి నిలబడింది.

"మిల్కా! మూడేళ్ళ కింద ఇక్కడ రెల్లు కుళ్ళి, దూలానికి చెద పట్టి ఉండింది. నాకు తెలుసు. నీకు చెప్పలేదు."

పలుకు లేదు. తిర్సమ్మ దిగలేదు. చెప్పకుండా దిగిన మిద్దె అది. ఈసారి మిల్కమ్మ విన్నానని అనేదాకా దిగనని మనసులో అనుకుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. అలాగే నిలబడింది. వీధిలో జనం చేరి చూస్తున్నారు.

అప్పుడు మిద్దె కింద నుంచి, ఆ పలచని మట్టి కింద నుంచి, మిల్కమ్మ గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"విన్నాను అక్కా. దిగి రా. అంబలి చల్లారిపోతోంది."

ఆ రోజు మిల్కమ్మ కూడా తిన్నది.

తర్వాత తిర్సమ్మ ఎన్నేళ్ళు బతికిందో, ఎన్ని మిద్దెలు తొక్కిందో లెక్క లేదు. చనిపోయినప్పుడు ఎల్దాదు ఆమెను తన చాప మీదే మోసుకెళ్ళాడట. మూడేళ్ళు తనను మోసిన చాపను ఆమెతోనే మట్టిలో పెట్టాడట.

ఆ చెరువు ఒడ్డున ఇప్పటికీ మిద్దె తొక్కేవాళ్ళు ఊరికే దిగరు. పైనుంచి మూడుసార్లు అరిచి, ఎక్కడ కుళ్ళిందో, ఎక్కడ చెద పట్టిందో, ఎక్కడ తాము తప్పు చేశారో చెబుతారు. ఇంటివాళ్ళు ఎంత కోపం వచ్చినా తిట్టకూడదు. ముందు "విన్నాం, దిగి రా" అనాలి. చేతిలో అంబలి పెట్టాలి. తర్వాతే మిగతా మాటలు.

మిద్దెలతో పని లేని వాళ్ళూ ఆ మాట అనుకుంటారు. మొగుడు ఏదో దాచుకుని ముద్ద దిగక కూర్చుంటే, పెళ్ళాం కంచం పక్కకు జరిపి, "చెప్పి దిగు" అంటుంది. మంచాన పడ్డ ముసలివాళ్ళు కన్ను మూయలేక కొట్టుకుంటుంటే, పక్కన కూర్చున్న ఆడమనిషి చెయ్యి పట్టుకుని, "చెప్పి దిగు తల్లీ, వింటున్నాను" అంటుంది.

వాళ్ళు చెబుతారు. ఈమె "విన్నాను" అంటుంది.