గవర్రాజు కుటుంబం పచ్చళ్ళ ఫ్యాక్టరీ చూసిన వైనం

గొల్లలమెరకలో గవర్రాజు కుటుంబానికి తెలివి ఎక్కువ. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవారు. "మనకి ఒక్కసారి చెబితే చాలు, అక్షరం పొల్లుపోదు," అనేవాడు గవర్రాజు. "మరే! చెప్పినదానికి మించి పిసరంత కూడా చెయ్యం," అనేది భార్య పాపాయమ్మ.

వాళ్ళబ్బాయి భద్రం పట్నంలో ఓ పచ్చళ్ళ ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంతలో ఫ్యాక్టరీ చూడ్డానికి రమ్మని ఓనరుగారు పనివాళ్ళ ఇళ్ళవాళ్ళని పిలిచారు.

"ఆయన్ని మెప్పిస్తే నా ఉద్యోగం ఖాయం నాన్నా," అన్నాడు భద్రం ఫోన్లో. "పచ్చట్లో వెంట్రుక పడితే మాత్రం ఊరుకోరు. దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చెయ్యండి."

అంతే, మంగలికి కబురెళ్ళింది. ఇద్దరికీ గుండ్లు. పాపాయమ్మ జడ బారెడుండేది. పాపం, ఏడ్చింది కూడా. "కొడుకు ఉద్యోగం కన్నా జుట్టెక్కువా!" అని తనే కళ్ళు తుడుచుకుంది. "మరి కనుబొమ్మలో?" అన్నాడు గవర్రాజు. అవీ పోయాయి.

గవర్రాజు తన పాత ఆటో తీశాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర భద్రం చెయ్యి ఊపాడు. "ఎక్కడా ఆగొద్దన్నావు కదరా!" అని అరుస్తూ తండ్రి ముందుకు పోయాడు. నిజమే సుమా అనుకున్నాడు భద్రం. ఇంకేముంది, అటూ ఇటూ తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి పెట్రోలు అయిపోయి ఆటో గేటు ముందే చతికిలబడింది. "మేం ఆపలేదురా, అదే ఆగింది," అంటూ దర్జాగా దిగారు.

లోపల గోడమీద పెద్ద పెద్ద అక్షరాలున్నాయి: 'ఏ వస్తువునూ చేత్తో తాకరాదు.' ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఓనరు చలపతిగారు మల్లెపువ్వులాంటి పంచెలో ఎదురొచ్చారు. ఆ గుండ్లూ, కనుబొమ్మల్లేని మొహాలూ చూసి కంగారుపడ్డా, మర్యాదస్తుడు. పెద్ద పీపా చూపించి, "కొత్తావకాయ. రుచి చూద్దురుగాని," అన్నారు. పళ్ళెం తెమ్మని ఆయన చెప్పేలోపే పాపాయమ్మ పీపాలోకి మెడదాకా వంగిపోయింది.

"బాబోయ్, నా కళ్ళు! లాగవయ్యా!"

"ఎలా లాగనే? చేత్తో తాకకూడదు. ఆ అంచు పట్టుకుని నువ్వే లే."

"నేను మాత్రం అంచు ముట్టుకోవచ్చా ఏంటి?"

అదీ నిజమే. చేతులు వద్దన్నారు గానీ కాళ్ళ ఊసెత్తలేదు కదా! గవర్రాజు పీపాని ఒక్క తన్ను తన్నాడు. పాపాయమ్మ బయటపడింది. పీపా దొర్లుకుంటూ వెళ్ళి ఆవకాయంతా చలపతిగారి మీద కుమ్మరించింది.

ఒంటినిండా నూనె కారుతుంటే చలపతిగారు భద్రం వైపు తిరిగారు. "రేపట్నుంచి నీ మొహం నాకు చూపించకు!"

ఇంటికొచ్చాక భద్రం బావురుమన్నాడు. గవర్రాజు నవ్వాడు. "పిచ్చి సన్నాసీ, మొహం చూపించొద్దన్నారు. పన్లోకి రావద్దన్నారట్రా?"

ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. ఎంత మంచి ఓనరు! పాపాయమ్మ దిండు గలీబు తెచ్చి కొడుకు తలకి తొడిగి, మెడ దగ్గర వదులుగా ముడేసింది.

"కళ్ళ దగ్గర కన్నాలు పెట్టమ్మా."

"కళ్ళు మొహంలోవి కావట్రా? ఉద్యోగం పోగొట్టుకుంటావా?" అని కసిరింది తల్లి.

మర్నాడు భద్రం తడుముకుంటూ తడుముకుంటూ ఫ్యాక్టరీలోకి వెళ్ళాడు. చేతికో భుజం తగిలింది. అది చలపతిగారిది.

"అన్నా, ఓనరుగారు దగ్గర్లో ఉన్నారా?" అని గుసగుసగా అడిగాడు.

ఆ భుజం ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. పాపం, ఎవరో అనుకుని హడలిపోయాడు కాబోలని భద్రానికి జాలేసింది. అంతే, గలీబు పైకెత్తాడు.

"భయపడకన్నా, నేనే, భద్రాన్ని!"