రాజుగారు మేపిన అలుగు

అనగనగా ఓ కొండ కింద వేటగాళ్ళ పల్లె. అందులో ఈదన్న, వాడి పెళ్ళాం బయ్యమ్మ. ఆ రాజ్యం ఏలే రాజుకి మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. వైద్యుడు నాడి చూసి, అలుగు మాంసం తింటే తగ్గుతుందన్నాడు. అలుగంటే తెలుసుగా? ఒళ్ళంతా పొలుసులు, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుపోతుంది, చీమల్ని తింటుంది. దాన్ని పట్టగానే కోస్తే గుణం ఉండదట, పున్నమి దాకా మేపి కొయ్యాలట. పట్టి, మేపి, తెచ్చివ్వు, లేదా చెరసాలే అని ఈదన్నకి చెప్పాడు రాజు. వాడు సరేనని పట్టుకొచ్చి గంప కింద మూశాడు.

ఊ కొడుతున్నారా?

బయ్యమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏమయ్యా, బుద్ధుందా? మేపిందాన్ని కోస్తే పల్లెలో మనకి నిప్పైనా ఇస్తారా?"

వాళ్ళ కట్టు అదర్రా. అడవిలో కొట్టింది కూర, చేత్తో మేపింది బిడ్డ. అందుకే ఆ పల్లెలో కోడి కూడా ఉండదు.

"రాజు అడుగుతుంటే నోరు పెగల్లేదే" అన్నాడు ఈదన్న. మేపి కోతకిస్తే వెలి, ఇవ్వకపోతే చెర.

బయ్యమ్మ మేత పెట్టకుండానే గంప నెత్తినెత్తుకుని కోటకి పోయింది. "మందు ఎవరికో మేత వాళ్ళ చేత్తోనే పెట్టాలి దొరా. మేం మేపితే గుణం మాకొచ్చేస్తుంది" అంది. తనకి తెలీదంటే పరువు పోతుందని, అవునవును, శాస్త్రంలో ఉందన్నాడు వైద్యుడు.

ఇంకేం? రాజుకి అలుగు కావాలి, అలుగుకి చీమలు కావాలి, చీమలకి పుట్ట కావాలి, పుట్ట దగ్గరికి రాజే పోవాలి. అమ్మా అబ్బా అంటూ రోజూ పోయాడు. మొదట్లో అది చుట్టుకుపోయి ముఖమే చూపలేదు. తర్వాత్తర్వాత రాజు అడుగుల చప్పుడు వింటే చాలు, గంపలోంచి ముట్టె బయటపెట్టేది.

పున్నమి పొద్దున వైద్యుడు కత్తి నూరుకుని వచ్చాడు. బయ్యమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. రాజుకి మందు దక్కకపోతే మొగుడు చెరలోకేగా! అలుగేమో రాజు ఒళ్ళో చుట్టుకుని పడుకుంది.

"ఎవర్ని కోస్తావురా? కత్తి అవతల పారెయ్!" అని రాజు గర్జించాడు. దాన్ని కొండమీద వదిలేయమన్నాడు, ఈదన్న జోలికి పోవద్దన్నాడు. ఆపైన బయ్యమ్మ వంక అనుమానంగా చూశాడు.

"ఇలా అవుతుందని నీకు ముందే తెలుసు కదూ?"

"నాకేం తెలుసు దొరా, మేపింది మీరు."

మోకాళ్ళంటారా? తగ్గలేదు. వెచ్చటి ఆముదం రాసుకున్నాడు. ముద్ద పెట్టేముందే ఆలోచించుకోవాలర్రా, పెట్టాక ఇంకేముంది, మనదే. కథ కంచి బండెక్కింది, ఇక మీరు దుప్పట్లో దూరండి.