దండనాయకుడి బంతాట

ఊరి మేతబీడు మీద కన్నేసిన దండనాయకుడు భీమరాజు, "బంతాటలో నా భటుల్ని ఓడిస్తేనే బీడు మీది" అన్నాడు. ఆట మొదలవగానే, రాజుగారి ఎదుటే భటులు గుంపుగా మీదపడి గొర్రెలకాపరుల కాళ్లు విరగ్గొడుతున్నారు. తమ్ముడి మోకాలు చితికేసరికి కాపరుల పెద్ద బీరప్పకు ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు బిగబట్టి, తనవాళ్లను కావాలనే వెనక్కి లాగాడు. ఇక గెలిచేశామనుకున్న భటులు, బంతి దూరకుండా తమ గుంజల దగ్గర నిలబెట్టిన కాపలావాడితో సహా ముందుకు ఉరికారు. బీరప్ప కసిదీరా తన్నిన బంతి వాళ్ల తలల మీదుగా పోయి ఖాళీ గుంజల మధ్య దూరింది.

"ఎవరూ లేని చోట కొట్టడం మోసం!" దండనాయకుడు గర్జించాడు.

బీరప్ప రాజువైపు తిరిగాడు. "ప్రభూ, శత్రువు కూడా ఎవరూ లేని చోటే కొడతాడు. అందర్నీ ముందుకే తోలే ఈయన చేతిలోనా మన కోట?"

రాజు ముఖం ఎర్రబడింది. బీడు ఊరికి దక్కింది. భీమరాజు కత్తి మరొకరి నడుముకు చేరింది.