ఆకుపచ్చ చుక్క

ఆ వారమంతా హైమావతికి కాళ్లు నేలమీద ఆనలేదు. ఎలా ఆనుతాయి? మూడేళ్లు తిండీ నిద్రా మానుకుని తయారుచేసిన ప్రోగ్రాం, రొమ్ము నుంచి తీసిన ముక్కలో కాన్సర్ ఉందో లేదో నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గా చెబుతోంది. సోమవారం దాన్ని పది జిల్లా ఆసుపత్రులకు పంపబోతున్నారు. అక్కడ ముక్క పరీక్ష చేసే డాక్టర్లు లేరు. ఇక అది చెప్పిందే మాట.

ఆమెకు పని నేర్పింది దైవసహాయం సారు. ముప్పై ఏళ్లుగా ఆ కాన్సర్ ఆసుపత్రిలో మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి. గాజు స్లైడు మీద రంగు పట్టించిన ముక్కను చూస్తారు. కాన్సర్ కనబడితే, ఆ పక్కనే గాజుమీద ఆకుపచ్చ ఇంకుతో చుక్క పెడతారు. లేకపోతే ఏమీ పెట్టరు. హైమ తన ప్రోగ్రాంకి పాఠం చెప్పింది ఆయన పాత స్లైడ్ల ఫొటోలతోనే.

"ఇంక మీరు కళ్లు పాడుచేసుకోనక్కర్లేదు సార్. అంతా ఇదే చూసుకుంటుంది" అంది శుక్రవారం మధ్యాహ్నం, కాస్త గర్వంగానే.

"అంతకంటే ఏం కావాలమ్మా! ఏదీ, నన్నూ ఒకసారి చూడనీ."

సారు సొరుగులోంచి చుక్క ఉన్న పాత స్లైడొకటి తీశారు. నిన్నగాక మొన్న చేరిన విద్యార్థి కూడా గుర్తుపట్టేంత పెద్ద కాన్సర్ అది. దూది స్పిరిట్‌లో ముంచి చుక్కను శుభ్రంగా తుడిచేసి, ఫొటో తీయమని ఇచ్చారు.

'కాన్సర్ లేదు' అంది ప్రోగ్రాం.

హైమ ముఖంలో నెత్తురు చుక్క లేదు. సారు ఈసారి ఏ జబ్బూ లేని స్లైడు తీసి, దానిమీద చక్కగా ఓ చుక్క పెట్టి ఇచ్చారు.

'కాన్సర్ ఉంది' అంది ప్రోగ్రాం, ఏమాత్రం తడుముకోకుండా.

సారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. "పాపం, దానికి నా పెన్ను బాగా వచ్చు" అన్నారు. "ఫొటోలు తీసేముందు తుడవలేదా?"

"మీ చేతి గుర్తు సార్. తుడవడానికి నాకు చెయ్యి రాలేదు."

ఆ పది ఊళ్లలో చుక్కలు పెట్టేవాళ్లెవరు? వచ్చిన ప్రతి మనిషికీ ప్రోగ్రాం జబ్బు లేదనే చెప్పి పంపేసేది.

సారు స్పిరిట్ సీసా ఆమె ముందుకు జరిపి, తనూ ఓ దూది ముక్క తీసుకున్నారు.

సోమవారం వాయిదా పడింది. నాలుగు వేల స్లైడ్లు తుడిచేసరికి ఇద్దరి వేళ్లూ పచ్చబడ్డాయి. రెండు నెలలు పట్టింది. ఆయన ముప్పై ఏళ్ల చుక్కల్ని పాత పాటలు కూనిరాగం తీస్తూ ఆయనే చెరిపేశారు. మళ్లీ ఫొటోలు, మళ్లీ పాఠాలు. ఈసారి తొంభై మూడే వచ్చింది. సారు లడ్డూలు తెప్పించారు.

అప్పటినుంచి సారు చూసేసిన స్లైడ్లను సాయంత్రం ప్రోగ్రాంకి చూపించడం మొదలుపెట్టింది హైమ. ఓ రోజు అది ఒక స్లైడులో, మూలగా, ఆవగింజంత చోట సున్నా చుట్టింది. రత్నకుమారి అనే దర్జీ ఆవిడ ముక్క అది. సారు అప్పటికే చూసి, ఏమీ లేదని పక్కన పెట్టేశారు. రిపోర్టు మర్నాడు పొద్దున వెళ్లిపోతుంది.

గురువు తప్పు గురువుకే చెప్పడమంటే మాటలా? రెండుసార్లు తలుపుదాకా వెళ్లి వెనక్కొచ్చింది. రత్నకుమారి గుర్తొచ్చి మూడోసారి లోపలికి వెళ్లింది. "సార్, ఈ మూల ఒక్కసారి చూస్తారా?"

సారు చూశారు. కటకం మార్చి మళ్లీ చూశారు. చాలాసేపు తలెత్తలేదు.

"ఇంత చిన్నప్పుడే దొరికింది" అన్నారు. తలెత్తితే ముఖం వెలిగిపోతోంది. "ఆవిడ హాయిగా బతుకుతుందమ్మా. నేను దాటేశాను, మీరిద్దరూ పట్టుకున్నారు."

జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు. "చుక్క నువ్వు పెట్టు."

హైమ పెట్టింది. సారు వంగి, ఇంకు ఆరేలా మెల్లగా ఊదారు.

"దీన్ని కూడా పాఠంలో చేర్చు" అన్నారు. "చేర్చేముందు చుక్క తుడిచెయ్యి, మర్చిపోకు."