ఉప్పాడ ఒడ్డున రెండు లెన్సులు

గవర్రాజు మాస్టారిని ఎవరు ఏ సందేహం అడిగినా ఆయన ముందు చెప్పులు తొడుక్కునేవారు. జవాబు కూర్చున్నచోట దొరకదని ఆయన నమ్మకం. కాకినాడలో ఆయన దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న రత్నమణికి మాత్రం అది మాట దాటెయ్యడంలా తోచేది.

ఒకనాడు ఆమె అడిగింది. "ప్లాస్టిక్ లెన్సుతోనూ మెటల్ లెన్సుతోనూ బొమ్మ ఒక్కలాగే వస్తోంది కదండీ. మెటల్ బాడీ ఉన్నదానికి అంతేసి ధరెందుకు?"

ఆమె మనసులోని ప్రశ్న వేరు. లెన్సులమ్మే దుకాణదారు మాస్టారికి చిరకాల మిత్రుడు. ఖరీదైనది కొనిపిస్తే అందులో ఈయనకేం ముడుతుందో!

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు. ఇద్దరూ ఉప్పాడ వెళ్లారు. తుపానులో పడవ పోగొట్టుకున్న నూకాలమ్మ ఆ ఉదయం కొత్త పడవను సముద్రంలోకి దింపుతోంది. "కెరటాలు దాటాక నేను లేచి ఒడ్డుకేసి దణ్ణం పెడతాను. అది తియ్యండి బాబూ" అని ముందే కోరింది.

కెమెరాలు రెండూ తడికి ఓర్చేవే. మాస్టారు తన మెటల్ లెన్సు రత్నమణి కెమెరాకు తగిలించి, ప్లాస్టిక్‌ది తాను ఉంచుకున్నారు. "నీళ్లు పడ్డా దానికేం కాదు. మోకాలి లోతులో నిలబడి తియ్యి" అన్నారు.

అడక్కుండానే ఇంత ఖరీదైనది చేతిలో పెట్టడమేమిటని ఆమెకు అనుమానం ముదిరింది. పాడైతే ఆ దుకాణంలోనే కొనిమ్మంటారు కాబోలు. పాదాలు తడవకుండా వెనకే నిలబడింది.

నూకాలమ్మ ఎక్కాక జనం పడవను తోశారు. ముక్కు పైకెత్తి అది మొదటి కెరటం ఎక్కుతుంటే మాస్టారు నీళ్లలోంచి ఫొటో తీశారు. మరుక్షణం ఆ కెరటం ఆయన మీద విరుచుకుపడింది. తుంపర ఒడ్డుదాకా వచ్చింది. రత్నమణి గిరుక్కున వెనక్కి తిరిగి, లెన్సును చున్నీలో చుట్టి గుండెకు హత్తుకుంది.

మాస్టారి లెన్సులో ఇసుకనీళ్లు చేరి, ఫోకస్ తిప్పే రింగు బిగుసుకుపోయింది. "నువ్వు తియ్యి, మణీ" అని ఆయన కేకేశారు. ఆమె చున్నీ విప్పి తిరిగేసరికి నూకాలమ్మ దణ్ణం పెట్టడం అయిపోయింది. పడవలో కూర్చుంటోంది.

పడవ ఒడ్డుకొచ్చాక నూకాలమ్మ తిన్నగా రత్నమణి దగ్గరికే వచ్చింది. "నేను నిలబడ్డది ఫొటోలో పడిందా తల్లీ?"

రత్నమణి తల అడ్డంగా ఊపింది. నూకాలమ్మ సముద్రంకేసి చూసి, తడి కొంగు పిండుకుంటూ వెళ్లిపోయింది.

దారిలో రత్నమణి అడిగింది. "ఇంతకీ ఏది కొనమంటారండీ?"

"ఒకటి తడిసి ఆగింది" అన్నారు మాస్టారు. "రెండోది తడవకుండానే ఆగింది. అదెందుకు ఆగిందో నువ్వే చెప్పాలమ్మా."