అందించిన మాట

ఫాదర్ రాయప్పకు ఒక పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

మర్నాడు బిషప్ బాలశౌరి గారు రాళ్లగడ్డ గుడిలో భద్రమైన అభ్యంగనం ఇవ్వాలి. అంటే జ్ఞానస్నానం పొందినవాళ్ల నుదుట పవిత్ర తైలం పూసి, వాళ్లను విశ్వాసంలో స్థిరపరచాలి. ఆయన ఆ కొండపల్లెకు మూడేళ్లకోసారే వస్తారు.

జపాలు కంఠతా వచ్చినవాళ్ల పేర్లే జాబితాలో రాయాలని రాయప్ప నియమం. ముప్పైమంది పిల్లలు గడగడా ఒప్పజెప్పారు. రాళ్లు కొట్టి బతికే ఆరోగ్యమ్మ ఒక్కతే తప్పింది. డెబ్బై ఏళ్ల మనిషి. కిందటిసారీ తప్పింది. విశ్వాస సంగ్రహమనే జపంలో మూడు వాక్యాలు బాగానే చెబుతుంది, నాలుగోదాని దగ్గర ఆగిపోతుంది.

"మళ్లీ మూడేళ్లకి ఉంటానో లేదో అయ్యా," అని మాత్రం అని వెళ్లిపోయింది.

రాయప్ప చెడ్డవాడేం కాదు. ఫాదర్లు కాబోయేవాళ్లు చదివే గురువిద్యాలయంలో బాలశౌరి గారి దగ్గరే చదువుకున్నాడు. తరగతిలో ఎప్పుడూ మొదటివాడు. మొదటివాళ్లతో వచ్చే చిక్కే అది, చదువు ఎక్కనివాళ్ల బాధ వాళ్లకు తెలీదు.

సాయంత్రం బిషప్ గారు వచ్చి కాళ్లు కడుక్కున్నారో లేదో, జాబితా ముందు పెట్టాడు.

"ఒక్కరికి సడలిస్తే రేపు పిల్లలెవరూ నేర్చుకోరు అయ్యగారూ. ఆమెను పక్కన పెట్టడం న్యాయమే కదా?"

బిషప్ గారు జాబితా చదివి మడిచి ఇచ్చేశారు. "రేపు పూజలో పుస్తకం నువ్వే పట్టుకో," అన్నారు.

అది జవాబెలా అవుతుందో రాయప్పకు అంతుపట్టలేదు.

బిషప్ గారు చేతులు చాచి ప్రార్థించేటప్పుడు ఒకరు ఎదురుగా పుస్తకం తెరిచి పట్టుకోవడం ఆనవాయితీ. మర్నాడు రాయప్ప తెరిచిన పుస్తకాన్ని ఆయన మెల్లగా మూసేశారు. పిల్లల మీదికి చేతులు చాచి మొదలుపెట్టారు. కొంతదూరం సాఫీగా సాగింది. తర్వాత ఆగిపోయారు.

చాపల మీద పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో దగ్గారు. బిషప్ గారు చాచిన చేతులు దించలేదు. నిండు గుడిలో గురువుగారు అలా నిలబడిపోవడం రాయప్ప భరించలేకపోయాడు. గబగబా పుటలు తిప్పి, ఆగిన చోట మాట చిన్నగా అందించాడు.

బిషప్ గారు అందుకుని ప్రార్థన ముగించారు. తర్వాత అతనికి మాత్రమే వినబడేలా అన్నారు.

"ఇరవై రెండేళ్లుగా చేస్తున్న ప్రార్థనే రాయప్పా. నువ్వు అందించావు కాబట్టి గట్టెక్కాను."

పిల్లలు వరసగా వచ్చారు. ఒక్కొక్కరి వెనుక, విశ్వాసంలో తోడుండే జ్ఞానతల్లో జ్ఞానతండ్రో కుడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. బిషప్ గారు పేరడిగి, నుదుట తైలంతో సిలువ గుర్తు వేస్తున్నారు. వరస తరిగిపోతోంది. గుడి వెనక గోడకు ఆనుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఆరోగ్యమ్మ చూస్తూ కూర్చుంది.

రాయప్ప పుస్తకాన్ని, పల్లెలో జపాలు నేర్పే ఉపదేశి చేతికిచ్చి ఆమె దగ్గరికి నడిచాడు.

"లేమ్మా."

"నాకా ముక్క ఇంకా రాలేదయ్యా. పొద్దున కూడా అనుకుంటా వచ్చా. అక్కడికొచ్చేతలికి నాలిక మడతపడుద్ది."

"నేనందిస్తాను. చెప్పు."

ఇద్దరూ ఆ గోడ పక్కనే మొదలుపెట్టారు. నాలుగో వాక్యం దగ్గర ఆమె ఆగింది, అతను అందించాడు. తర్వాత ఇంకోచోట కూడా ఆగింది. చివరిదాకా వచ్చేసరికి ఆమె కళ్లు తుడుచుకుంది.

వరసలో చివర నిలబడ్డారు. ఆమెకు జ్ఞానతల్లిగా ఎవరినీ అనుకోలేదు. రాయప్పే ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

బిషప్ గారు ఇద్దరినీ చూశారు.

"జపాలు వచ్చాయా?"

ఆరోగ్యమ్మ భయంగా రాయప్ప వైపు తిరిగింది.

"ఇద్దరం కలిస్తే వస్తాయండి," అన్నాడు రాయప్ప.

బిషప్ గారు బొటనవేలు తైలంలో ముంచి, ఆమె పేరడిగారు.